బొంత బ్లాకుల వెనక ఏ గుడ్డ వేయాలి?

(చేతికుట్టు బొంతలు కుట్టే మహిళల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

పైగుడ్డ గురించి మనం ఎంతసేపైనా మాట్లాడుకుంటాం. ఏ డిజైను, ఏ రంగు, యాంకర్ కంపెనీ దారమా డీఎంసీ కంపెనీదా, రెండు పోగులా మూడు పోగులా. వెనక గుడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఇంట్లో ఏదో ఒక తెల్ల గుడ్డ ఉంటుందిలే' అని వదిలేస్తాం. నెలల తరబడి కుట్టిన పువ్వులు మొదటి ఉతుకులోనే ముడుచుకుపోవడం, బొంత పైన అతికే తెల్లటి చదరపు ముక్కలోంచి, అంటే బ్లాకులోంచి, నల్లదారం కొసలు నీడలా కనబడడం, పొరలన్నీ కలిపి కుట్టే క్విల్టింగ్ చేస్తుంటే సూది దిగక వేళ్ళు వాచిపోవడం, ఇవన్నీ చాలావరకు ఆ వెనక గుడ్డ తెచ్చిపెట్టే కష్టాలే. అందుకే ఇవాళ పూర్తిగా దాని గురించే చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకుందాం. మన పనిలో వెనక గుడ్డలు రెండు ఉంటాయి. ఎంబ్రాయిడరీ చేసే ఒక్కొక్క బ్లాకు వెనక ఆనించి కుట్టేది ఒకటి. బ్లాకులన్నీ కలిపి, మధ్యలో దూది పొర పెట్టి, బొంత మొత్తానికి అడుగున వేసేది ఇంకొకటి. షాపులోనూ వీడియోల్లోనూ రెంటినీ బ్యాకింగ్ అనే అంటారు. దాంతో ఒకదానికి చెప్పిన సలహా ఇంకొకదానికి వాడి ఇబ్బంది పడతాం. ఈ పూటకి మొదటిదాన్ని అస్తరు అంటాను, రెండోదాన్ని అడుగు గుడ్డ అంటాను.

నేను చెప్పదలచుకున్నది సూటిగా ముందే చెప్పేస్తాను. ఈ రెండు గుడ్డల్నీ సూదితో ఎంచుకోండి. రంగు, ప్రింటు, ధర తరవాత చూసుకోవచ్చు. సూది ఎన్ని పొరల్లోంచి వెళ్ళాలో లెక్కపెట్టండి. పైగుడ్డ, అస్తరు, దూది, అడుగు గుడ్డ, మొత్తం నాలుగు. రెండు బ్లాకులు కలిసే అతుకు దగ్గర పైగుడ్డా అస్తరూ మడత పడతాయి కాబట్టి ఇంకా ఎక్కువ. పైగుడ్డ మీకు నచ్చింది కొంటారు, దాన్ని మార్చమని నేను చెప్పను. దూది తగ్గిస్తే బొంతకి వెచ్చదనం పోతుంది. మిగిలిన రెండు పొరలే మన చేతిలో ఉన్నాయి. అవి పైగుడ్డ కంటే మెత్తగా ఉండి తీరాలి.

అసలు అస్తరు ఎందుకు? కొంతమంది ప్రతి బ్లాకుకీ వేస్తారు, కొంతమంది ఎప్పుడూ వేయరు. నా దృష్టిలో అది పైగుడ్డని బట్టి, కుట్టుని బట్టి ఉంటుంది. కేస్‌మెంట్ గుడ్డ మీద లేత రంగులతో కాడ కుట్టు కుడుతుంటే అస్తరు అక్కర్లేదు. కేస్‌మెంట్‌కి తనదైన బరువు ఉంది, దారం లాగినా నిలబడుతుంది. దానికి అస్తరు వేస్తే తరవాత క్విల్టింగ్ చేసేటప్పుడు మీ బొటనవేలే బాధపడుతుంది. పలుచని పాప్లిన్ మీదో, కేంబ్రిక్ మీదో ముదురు రంగు దారంతో కుడుతుంటే మాత్రం కావాలి. అద్దాలు, పూసలు వేస్తుంటే కావాలి, ఆ బరువంతా ఒక్క పలుచని గుడ్డ మోయలేదు. మ్యాటీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్ చేసి దాన్ని బ్లాకుగా వాడుతుంటే తప్పకుండా కావాలి. మ్యాటీ నేత వదులు కాబట్టి అతుకు దగ్గర పోగులు జారి ఊడివస్తాయి. అస్తరుతో కలిపి అతికితే ఆ అతుకు పట్టుకుంటుంది.

మీ గుడ్డకి అస్తరు కావాలో వద్దో అనుమానంగా ఉంటే ఇలా చూడండి. మీరు వాడబోయే దారాల్లో అన్నిటికంటే ముదురు రంగుది ఒక జానెడు తీసి, గుడ్డ వెనక అడ్డదిడ్డంగా పెట్టండి. దాని కింద మీరు వాడబోయే దూది పొర పరవండి. పగటి వెలుతురులో రెండడుగులు వెనక్కి జరిగి చూడండి. దారం ఎక్కడుందో కనబడితే అస్తరు వేసుకోండి. చేతిలో పట్టుకుని చూస్తే సరిపోదు, ఎందుకంటే తెల్లటి దూది మీద ఆనినప్పుడు ముదురు దారం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. బొంతలో అది ఉండేది అక్కడే కదా.

వెనకపక్క దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి దూకించడం అందరం చేసేదే. అస్తరు ఉంటే ఆ దూకుడు కూడా దాచుకోవచ్చు. సూదిని రెండు పొరల మధ్యలోంచి జార్చి అవతల పైకి తీయొచ్చు, దారం కొసల్ని కూడా అక్కడే నడిపి వదిలేయొచ్చు. వెనక ముళ్ళు వేయాల్సిన పని ఉండదు. ముడి ఉన్నచోట క్విల్టింగ్ సూది తగిలితే ఎంత చిరాకో కుట్టేవాళ్ళకి తెలుసు.

ఇక ఏ గుడ్డ? అస్తరుకి నా మొదటి ఓటు మల్లు గుడ్డకి. మల్‌మల్ అని అడిగినా ఇస్తారు. మెత్తన, నేత వదులు, సూది దిగినట్టే తెలియదు. వాయిల్ కూడా బాగుంటుంది, కాకపోతే కత్తిరించేటప్పుడు జారుతుంది. పలుచగా గంజి పెట్టి ఇస్త్రీ చేసి కత్తిరించుకుంటే మాట వింటుంది, కుట్టడం అయ్యాక ఉతికితే గంజి పోతుంది. గంజి ఉన్న గుడ్డని మాత్రం బీరువాలో నెలల తరబడి ఉంచకండి, ఆ పిండి కోసం పురుగు చేరుతుంది. జాకెట్టుకి వేసే లైనింగ్ గుడ్డ గురించి చాలామంది అడుగుతారు. అందులో నిజమైన నూలుది ఉంది, పాలిస్టర్ కలిసినదీ ఉంది. దుకాణంలో రెండూ ఒకే అరలో ఉంటాయి. అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టరైతే కరిగి చివర గట్టి పూసలా అవుతుంది. పూస కట్టిన గుడ్డని మన బ్లాకుల దగ్గరికి రానివ్వొద్దు. నూలు గుడ్డ ఉతికితే కుదించుకుంటుంది, పాలిస్టర్ కుదించుకోదు. రెండూ ఒకదానికొకటి కుట్టేసి ఉన్నప్పుడు ఒకటి ముడుచుకుని ఇంకోటి అలాగే ఉంటే మధ్యలో నలిగేది మీ ఎంబ్రాయిడరీ.

టైలర్లు కాలరుకి వాడే బక్రం, ఇస్త్రీతో అతికే ఫ్యూజింగ్ వద్దు. మిషన్ ఎంబ్రాయిడరీకి అవి సరే. చేతి సూదికి ఆ జిగురు పొర ఒక గోడ. కుట్టిన పువ్వు కూడా అట్టముక్క మీద కుట్టినట్టు బిగుసుకుపోతుంది, కప్పుకున్నప్పుడు ఒంటికి వాలదు.

అస్తరు ఎప్పుడు ఆనించాలన్నది కూడా ముఖ్యమే. డిజైన్ ట్రేస్ చేశాకే ఆనించండి. కిటికీ అద్దం మీదో, లైటు పెట్టిన బల్ల మీదో పెట్టి గీసుకునేటప్పుడు వెనక ఇంకో గుడ్డ ఉంటే గీతలు కనబడవు. గీసుకున్నాక రెండు గుడ్డల పడుగు ఒకే దిక్కుకి వచ్చేలా పరవండి. అంచుకి సమాంతరంగా వెళ్ళేది పడుగు, అది సాగదు. అడ్డంగా వెళ్ళే పేక కొంచెం సాగుతుంది. ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెట్టి కుడితే, గుడ్డ బిగించే రింగులోంచి తీశాక ఒక మూల లేచి నిలబడుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా కుదరదు. తరవాత మధ్య నుంచి అంచులకి టాకాలు, అంటే తరవాత విప్పేసే పొడుగు కుట్లు, వేసుకుని, రెంటినీ కలిపి రింగులో బిగించండి. పూర్తయ్యాక 12 అంగుళాల బ్లాకు కావాలంటే 14 అంగుళాలు కత్తిరించుకోండి. కుట్టేకొద్దీ గుడ్డ లోపలికి లాగుతుంది. ఎంబ్రాయిడరీ అంతా అయ్యాక ఉతికి, తిరగేసి మెత్తటి తువ్వాలు మీద ఇస్త్రీ చేసి, అప్పుడు పన్నెండున్నరకి కత్తిరించండి. ఆ అర అంగుళం నాలుగు పక్కలా అతుకులకి పోతుంది.

అస్తరు విలువ ఏంటో చెప్పడానికి ఒక పాత సంగతి చెబుతాను. అమెరికాలో 1880లలో క్రేజీ క్విల్ట్‌ల మోజు పట్టుకుంది. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో జపాన్ కళావస్తువులు చూశాకే ఆ అభిరుచి పెరిగిందని అంటారు. పట్టు, వెల్వెట్ ముక్కలు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో పేర్చి, అతుకుల మీద రంగురంగుల దారాలతో కుట్లు వేసేవారు. ఆ ముక్కలన్నిటినీ ముందుగా ఒక మామూలు నూలు గుడ్డ మీద ఆనించి కుట్టేవారు. చాలా వాటిలో లోపల దూది కూడా ఉండదు. అప్పట్లో పట్టుని బరువుని బట్టి అమ్మేవారు, ఆ బరువు పెంచడానికి తగరం లాంటి లోహాల లవణాల్లో ముంచేవారు. ఆ లవణాలే కాలం గడిచేకొద్దీ పట్టుని కొరుక్కుతిన్నాయి. మ్యూజియాల్లో ఉన్న అలాంటి క్విల్ట్‌లని దగ్గరగా చూస్తే కొన్ని ముక్కల్లో పట్టు పీలికలై రాలిపోయి ఉంటుంది. దాని మీద కుట్టిన ఎంబ్రాయిడరీ మాత్రం అడుగున ఉన్న నూలు గుడ్డని పట్టుకుని అలాగే ఉంటుంది. కుట్టిన ఆవిడ డబ్బు పెట్టి కొన్న గుడ్డ పోయింది, పేరు కూడా అడగకుండా తెచ్చిన గుడ్డ ఆమె పనిని కాపాడింది. మనం అమ్మ పట్టుచీర ముక్కలతో బ్లాకులు చేస్తుంటాం కదా, అక్కడ అస్తరు వేయడానికి ఇంతకంటే వేరే కారణం నాకు అక్కర్లేదు.

అదే కాలంలో తెల్లటి నూలు గుడ్డ మీద ఎర్రదారంతో గీతల బొమ్మలు కుట్టే పద్ధతి అక్కడ ఇంటింటికీ వెళ్ళింది. బొమ్మ అచ్చువేసిన చదరపు ముక్కలు ఒక్కో పెన్నీకి దొరికేవి. ఆ ఎరుపుని టర్కీ రెడ్ అనేవారు. ఎందుకు అంతమంది ఆ ఒక్క రంగునే పట్టుకున్నారంటే, ఎన్నిసార్లు ఉతికినా తెల్లగుడ్డకి అంటదు కాబట్టి. మన మచిలీపట్నం తీరంలో చిరివేరు అనే రంగు వేరుతో, పటికతో వేసిన ఎరుపుకి కూడా ఒకప్పుడు దేశదేశాల్లో గిరాకీ వచ్చింది ఆ గట్టిదనం వల్లే. ఇవాళ మనం కొనే ఎర్రదారాలన్నీ అలా ఉంటాయన్న భరోసా లేదు. మంచి కంపెనీ దారమైనా ముదురు ఎరుపు, నలుపు, నీలం కొత్త లడీ తెచ్చినప్పుడు జానెడు ముక్క వేడినీళ్ళలో తడిపి తెల్ల గుడ్డ మధ్య పెట్టి నొక్కి చూడండి. అడుగు గుడ్డకీ ఇదే పరీక్ష.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. జాకెట్టు లైనింగైనా, చీర ఫాల్ అయినా తడిపి ఆరేయకుండా మనం కుట్టం. చిన్నప్పటి నుంచీ చూసిన పద్ధతే. బొంత దగ్గరికి వచ్చేసరికి 'కొత్తగా ఉన్నప్పుడే కుడితే బాగుంటుంది' అని ఎందుకో మర్చిపోతాం. నూలు గుడ్డ మామూలుగా నూటికి మూడు నుంచి అయిదు వంతులు కుదించుకుంటుంది, వదులు నేతైతే ఇంకా ఎక్కువ. మీ గుడ్డ సంగతి తెలుసుకోవడం తేలిక. సరిగ్గా 10 అంగుళాల చదరం కత్తిరించి వేడినీళ్ళలో ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి కొలవండి. తొమ్మిదిన్నర వచ్చిందంటే అయిదు శాతం పోయినట్టు. నిలువు, అడ్డం వేరువేరుగా కొలవండి, రెండూ సమానంగా కుదించుకోవు. పైగుడ్డ, అస్తరు, అడుగు గుడ్డ మూడూ ఉతికాకే పని మొదలుపెట్టండి.

మొదటిసారి నీళ్ళలో రాళ్ళ ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని మన ఇళ్ళల్లో నమ్మకం. అద్దకం వేసేటప్పుడు ఉప్పు పనికొస్తుంది, రంగు దారంలోకి ఎక్కడానికి సాయం చేస్తుంది. అద్దకం అయిపోయి దుకాణంలోంచి వచ్చిన గుడ్డలో వదులుగా మిగిలిన రంగుని ఉప్పు పట్టి ఉంచలేదు. ఆ మిగులు రంగు పోయేదాకా ఉతకడమే మార్గం. మూడు నాలుగు ఉతుకుల తరవాత కూడా నీళ్ళు రంగు తేలుతుంటే ఆ గుడ్డకి వేరే పని చూడండి. తెల్ల బ్లాకుల కింద అది వద్దు.

ఇప్పుడు అడుగు గుడ్డ. దీని దగ్గర అందరూ చేసే పని ఏంటంటే మంచి దుప్పటి ఒకటి తెచ్చి వేయడం. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, పెద్దది, అతుకు వేసే పని లేదు, ధర కలిసొస్తుంది. మిషన్ మీద క్విల్టింగ్ చేసేవాళ్ళకి ఫరవాలేదు. చేత్తో కుట్టేవాళ్ళకి దుప్పటి గుడ్డ చాలా కష్టం. క్విల్టింగ్ కోసం నేసే గుడ్డలో అంగుళానికి నిలువునా అడ్డంగా 60, 70 పోగుల చొప్పున ఉంటాయి. మంచి దుప్పట్లలో సన్నటి నూలు వాడి అంతకంటే చాలా ఒత్తుగా నేస్తారు. అదే వాటి గొప్ప, పడుకుంటే నున్నగా ఉంటుంది. సూదికి మాత్రం పోగుల మధ్య సందు దొరకదు, పోగుని చీల్చుకుని వెళ్ళాలి. బాతిక్ గుడ్డ కూడా అంతే, మైనం గీత చెదరకుండా ఉండాలని ఒత్తు నేత మీదే వేస్తారు.

మన దగ్గర దొరికే వాటిలో ఉతికిన కోరా గుడ్డ, మెత్తటి కేంబ్రిక్, వదులుగా నేసిన చేనేత నూలు, ఈ మూడూ నాకు ఇష్టం. మంగళగిరి నూలు అందం వేరు, కానీ దాని నేత ఒత్తు. నాలుగైదు సార్లు ఉతికి మెత్తబడ్డాక సూది పెట్టి చూసి అప్పుడు నిర్ణయించుకోండి. పెడన నుంచి వచ్చే అచ్చు కలంకారీ గుడ్డ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నిజమైన పద్ధతిలో గుడ్డకి ముందు కరక్కాయ, పాలు పట్టిస్తారు, అచ్చులు వేశాక రంగునిచ్చే దినుసులతో కలిపి ఉడకబెడతారు, పారే నీళ్ళలో మళ్ళీ మళ్ళీ ఉతుకుతారు. మన దాకా వచ్చేసరికే ఆ గుడ్డ కుదించుకోవాల్సినంత కుదించుకుని, గంజి అంతా వదిలేసి, మెత్తబడి ఉంటుంది. అడుగు గుడ్డకి అంతకంటే ఏం కావాలి? అదే డిజైను స్క్రీన్ ప్రింటులో వేసి కలంకారీ అని అమ్మేది వేరు. ఖాదీ ప్రింట్ అనే రకం కూడా ఉంది, రంగు గుడ్డ పైన పేస్టులా నిలబడుతుంది. వేలితో రాస్తే రబ్బరులా తగులుతుంది. ఆ రంగు ఉన్నచోట సూది కిర్రుమంటుంది, బయటికి లాగితే పట్టేస్తుంది. కొనే ముందు గుడ్డ తిరగేసి చూడండి. రంగు నూలులోకి ఇంకి వెనకపక్కకి కూడా కొంత దిగి ఉంటే సూదికి ఇబ్బంది ఉండదు.

వదులు నేత మంచిదన్నాను, దానికీ ఒక హద్దుంది. లోపల పాలిస్టర్ దూది పెడితే ఆ పోచలు వదులు గుడ్డలోంచి బయటికి పొడుచుకొస్తాయి, ముదురు రంగు మీద తెల్లటి నూగులా కనబడతాయి. కాబట్టి మల్లు గుడ్డ అస్తరుకి ఎంత మంచిదైనా ఒంటి పొరగా అడుగున వేయకండి. అడుగునే కదా నేల తగిలేది, మంచం తగిలేది, కాళ్ళు తగిలేది.

ప్రింటా, సాదానా అంటే, ఎవరు కుడుతున్నారో దాన్ని బట్టి చెబుతాను. నలుగురు కలిసి కుట్టే బొంతైతే ప్రింటు వేయండి. నాలుగు చేతుల కుట్లు నాలుగు రకాలుగా ఉంటాయి, చిన్న పువ్వుల ప్రింటులో అన్నీ కలిసిపోతాయి. ఒక్కరే కుడుతూ, కుట్టు సమంగా వస్తుంటే సాదా వేయండి. వెనకపక్క కుట్ల గీతలే డిజైనై కనబడతాయి, అది చూడ్డానికి చాలా బాగుంటుంది. తెల్ల బ్లాకుల కింద ముదురు రంగు మాత్రం వేయకండి, పలుచని దూది అయితే ఆ ముదురు పైకి తేలి తెలుపు మాసినట్టు కనబడుతుంది.

కొలత లెక్క ఒకటి చేద్దాం, రాసుకునేవాళ్ళు రాసుకోండి. 12 అంగుళాల బ్లాకులు 12 ఉన్నాయి. అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు. మధ్యలోనూ చుట్టూనూ 3 అంగుళాల పట్టీ. అంటే బొంత 48 అంగుళాలు అడ్డం, 63 నిలువు. అడుగు గుడ్డ నాలుగు పక్కలా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, కుట్టేకొద్దీ లోపలికి లాగుతుంది. కాబట్టి 54 అడ్డం, 69 నిలువు కావాలి. మీ గుడ్డ పన్నా 44 అంగుళాలు, అంచులు తీసేస్తే ఉతికాక 40 అనుకోండి. ఒక్క పన్నా చాలదు, రెండు ముక్కలు అతకాలి. నిలువుగా పెడితే 69 అంగుళాల ముక్కలు రెండు, 138 అంగుళాలు, మూడున్నర మీటర్లు. అడ్డంగా పెడితే 54 అంగుళాల ముక్కలు రెండు, 108 అంగుళాలు, రెండుమ్ముప్పావు మీటర్లు. పన్నాలు రెండూ కలిపితే 80 వస్తుంది, మనకి కావాల్సింది 69, సరిపోయింది. ముప్పావు మీటరు గుడ్డ మిగిలింది. పువ్వులు ఒకే దిక్కుకి నిలబడి ఉన్న ప్రింటైతే అడ్డంగా పడుకుంటాయి, అది మీకు ఫరవాలేదనుకుంటేనే. కుదింపు కోసం పైన ఇంకో పావు మీటరు కలుపుకోండి.

అంచులు ఎందుకు తీసేయమన్నానంటే అక్కడ నేత బిగువుగా ఉంటుంది, కుదింపు వేరుగా ఉంటుంది, సూదీ దిగదు. అతుకుని సరిగ్గా నడిమధ్యకి రానివ్వకండి, బొంత మడతపెట్టేది అక్కడే, తొందరగా అరుగుతుంది. పైన బ్లాకుల అతుకు ఉన్నచోట కిందా అతుకు రాకుండా చూసుకోండి. అడుగు గుడ్డ అతుకుని అర అంగుళం వదిలి కుట్టి, రెండు పక్కలకీ విప్పి ఇస్త్రీ చేయండి.

ఇక పాత చీరలు. మన అమ్మమ్మలు బొంతకి పాత నూలు చీరే వేశారు, బెంగాల్లో కాంథా కుట్టేవాళ్ళూ అదే వేశారు. డబ్బు లేక వేశారని అందరం అనుకుంటాం. అదీ నిజమే, కానీ పనితనం వైపు నుంచి చూసినా అంతకంటే సరైన గుడ్డ లేదు. ఏళ్ళ తరబడి ఉతికిన చీరలో కుదింపు మిగిలి ఉండదు, గంజి ఉండదు, పోయే రంగు ఎప్పుడో పోయింది, పోగు నునుపెక్కి సూదికి దారి ఇస్తుంది. కొత్త గుడ్డకి మనం కష్టపడి తెప్పించే గుణాలన్నీ అందులో ముందే ఉన్నాయి. చీర పొడవు అయిదున్నర మీటర్లు కాబట్టి ఇందాక చెప్పిన కొలతకి ఎటు పెట్టినా సరిపోతుంది. ఎక్కడ కత్తిరించాలన్నదే చూసుకోవాలి. కింది అంచు పాదాల దగ్గర రాసుకుని అరుగుతుంది, కూర్చునే చోట పోగులు సన్నబడతాయి. కిటికీకి అడ్డంగా పట్టుకుంటే పలుచబడ్డ చోట వెలుతురు ఎక్కువ వస్తుంది, అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. తరవాత రెండు బొటనవేళ్ళతో ఆ గుర్తుకి రెండు పక్కలా పట్టి లాగండి. పోగులు విచ్చుకుంటే ఆ భాగం వద్దు. బాగున్న భాగాలు తీసుకుని, మరీ మెత్తగా అనిపిస్తే రెండు పొరలు కలిపి వేయండి. రెండు పొరల పాత చీర కంటే ఒక్క పొర కొత్త పాప్లినే సూదికి గట్టిగా తగులుతుంది, కావాలంటే చూసుకోండి.

ఇంటికి వెళ్ళాక ఒక్క పని చేయండి. ఏ గుడ్డ కొన్నా మొత్తం కత్తిరించే ముందు నాలుగు పొరలూ నాలుగేసి అంగుళాల ముక్కలు పేర్చి, టాకా వేసి, పొట్టి క్విల్టింగ్ సూదితో ఒక పావుగంట కుట్టండి. సూది మీద ఒకేసారి మూడు కుట్లు ఎక్కించగలిగితే ఆ గుడ్డలు కుదిరినట్టే. ఒక్కొక్క కుట్టుకీ సూదిని గుచ్చి, తిప్పి, లాగాల్సి వస్తుంటే ముందు అస్తరు తీసేసి చూడండి, అప్పటికీ రాకపోతే అడుగు గుడ్డ మార్చండి. పావుగంటలో వేలు నొచ్చితే బొంత మొత్తానికి ఏమవుతుందో మీకే తెలుస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒకరు: మేం డల్లాస్‌లో ఉంటాం. అక్కడ చలికి అందరూ ఫ్లానెల్ వేయమంటారు. వేయొచ్చా అండీ?)

నిక్షేపంగా వేయొచ్చమ్మా. వెచ్చగా ఉంటుంది, నేత వదులు కాబట్టి సూదీ దిగుతుంది. కాకపోతే అది మామూలు నూలు కంటే ఎక్కువ కుదించుకుంటుంది, రెండుసార్లు వేడినీళ్ళలో ఉతికి డ్రయ్యర్లో వేసి తీయండి. నూగు ఉంటుంది కాబట్టి లోపల దూది పలుచనిది పెట్టుకోండి. అక్కడ 108 అంగుళాల పన్నా గుడ్డ కూడా దొరుకుతుంది, అతుకు అక్కర్లేదు. కానీ అందులో కొన్ని దుప్పటిలా ఒత్తుగా ఉంటాయి, ముందు చిన్న ముక్క అడిగి సూది పెట్టి చూడండి. ఇంకో మాట, అక్కడి పుస్తకాల్లో మస్లిన్ అని ఉంటే మన మల్లు అనుకోకండి, అది మన కోరా గుడ్డ లాంటిది.

(ఇంకొకరు: నేను ఇప్పటికే బ్లాకులన్నీ అస్తరు లేకుండా కుట్టేశాను, నీడ కనబడుతోంది. ఇప్పుడేం చేయను?)

పోయిందేం లేదండీ. ముందు వెనక కొసలు పొట్టిగా కత్తిరించి, దూకించిన పొడుగు దారాలు ఉంటే కోసి రెండు పక్కలా కుట్టు కిందకి దోపేయండి. సగం నీడ అక్కడే పోతుంది. తరవాత ఉతికిన మల్లు ముక్క వెనక పెట్టి అంచుల చుట్టూ టాకా వేసి, బ్లాకుతో కలిపి అతికేయండి. కుట్టుకి బలం రాదు గానీ నీడ ఆగుతుంది. కాడ కుట్టు పనికి బలం అక్కర్లేదు కూడా.

(వెనక వరసలోంచి ఒక పెద్దావిడ: మా అత్తగారి వెంకటగిరి చీర ఉందమ్మా, జరీ అంచుది. అడుగున మొత్తం చీర కనబడేలా వేద్దామనుకుంటున్నాను.)

జరీ అంచు విప్పి వేరుగా దాచండి పెద్దమ్మగారూ. జరీ దారం గరుకుగా ఉంటుంది, మీరు క్విల్టింగ్ చేసే నూలుదారాన్ని రాస్తూ రాస్తూ తెంపేస్తుంది, కప్పుకునేవాళ్ళకీ గుచ్చుకుంటుంది. మధ్య నూలు భాగం పలుచన కాబట్టి ఒంటరిగా వేయకుండా దాని వెనక ఇంకో పాత చీర పొర కలిపి రెంటికీ టాకా వేసుకోండి. అంచు కూడా బొంతలో ఉండాలని మనసుంటే పైపక్కన, బ్లాకుల చుట్టూ వచ్చే పట్టీలో ఒకచోట వేయండి. అక్కడ క్విల్టింగ్ గీత దాని పక్క నుంచి పోనివ్వండి, మీదుగా వద్దు.